దున్యా మిఖాయిల్ గురించి రాసే ముందు

చిరంజీవికి,

ఆశీస్సులు. ఇరాక్ కవయిత్రి దున్యా మిఖాయిల్ మీద పరిచయ వ్యాసం రాస్తున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. మొదటి రెండు పేజీలూ ఆమె జీవితమే. 1965లో బాగ్దాద్‌లో పుట్టడం, పదిహేనేళ్ల వయసులో ఇరాన్‌తో యుద్ధం మొదలవడం, పత్రికలో ఉద్యోగం, అధికారుల బెదిరింపులు, జోర్డాన్ మీదుగా అమెరికా చేరడం. అన్నీ నిజాలే. కానీ ఆ రెండు పేజీలు చదివిన వాళ్లకు ఆమె మీద జాలి పుడుతుందే గాని ఆమె కవితలు చదవాలన్న కోరిక పుట్టదు. జాలితో చదివితే కవిత్వం కంటికి ఆనదమ్మా. ముందు ఒక కవితను పాఠకుల ముందు పెట్టు. జీవితం ఆ తర్వాత, కవితకు ఎంత అవసరమో అంతే చెప్పు.

ఏ కవిత అని వెతకనక్కరలేదు. 'యుద్ధం ఎంతో కష్టపడి పనిచేస్తుంది' అన్నదే ఎంచుకో. అందులో యుద్ధం మహా శ్రద్ధగల ఉద్యోగి. పొద్దున్నే సైరన్లను నిద్ర లేపుతుంది, అంబులెన్సులను తలో దిక్కుకూ పంపుతుంది, తల్లుల కళ్ల నుంచి వాన కురిపిస్తుంది, పొలాల్లో మందుపాతరలు నాటుతుంది, పిల్లల మనసుల్లో ప్రశ్నలు పుట్టిస్తుంది. కృత్రిమ అవయవాల పరిశ్రమకు చేయూతనిస్తుంది, ఈగలకు తిండి పెడుతుంది, శవపేటికలు చేసేవాళ్లకు హుషారు తెప్పిస్తుంది, సమాధులు తవ్వేవాళ్ల భుజం తడుతుంది. ఇంత చాకిరీ చేసినా దాన్ని మెచ్చుకునేవాళ్లు ఒక్కరూ ఉండరు.

నువ్వు దీనికి 'తీవ్రమైన వ్యంగ్యం' అని పేరు పెట్టి ముందుకు వెళ్లిపోయావు. అక్కడే ఆగాలి. ఆ కవితలో పనులన్నీ చేసేది యుద్ధమే. ఏ సైన్యం పేరూ లేదు, ఏ దేశం పేరూ లేదు. క్రియ వెనక క్రియ వస్తుంది, ఎక్కడా గొంతు పెరగదు. ఏదో ప్రభుత్వ శాఖ సాధించిన ప్రగతిని చదివి వినిపిస్తున్నట్టు ఉంటుంది. చెప్పిన పనుల్లో చాలామటుకు యుద్ధంలో నిజంగా జరిగేవే కాబట్టి ఒళ్లు జలదరిస్తుంది. ఈ అల్లికను చూపడానికి నీ వ్యాసంలో ఒక పేజీ ఖర్చయినా ఫరవాలేదు. ఆ వరుసలో చాలామంది దాటిపోయే మాట ఒకటుంది: యుద్ధం సేనానులకు పతకాలు ఇస్తుందట, కవులకు కవితావస్తువులు ఇస్తుందట. అంటే ఆమె తననూ ఆ లెక్కలోంచి తప్పించుకోలేదు. ఆమె గురించి రాస్తున్న నువ్వూ, దాన్ని దిద్దుతున్న నేనూ అందులో ఉన్నాం. యుద్ధ కవిత్వం మీద కలం పట్టేవాళ్లు ఎవరైనా ఆ పంక్తిని ఎదురుగా పెట్టుకుని రాయాలని నా గట్టి అభిప్రాయం.

ఇక కాలం సంగతి. ఈ కవితను నువ్వు 2003 అమెరికా దాడికి ముడిపెట్టావు. ఈ కవిత ఉన్న ఇంగ్లీషు సంపుటి 2005లో వచ్చింది కనుక అలా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ మూలమైన అరబ్బీ సంపుటి ఆ దాడికి ముందే వెలువడింది. ఇరాక్‌లో ఉండగా ఆమె చూసిన యుద్ధాలు వేరు. 1980 నుంచి 1988 దాకా ఇరాన్‌తో ఒకటి, 1991లో గల్ఫ్ యుద్ధం మరొకటి. 1990 ఆగస్టులో మొదలైన ఆర్థిక ఆంక్షలు 2003 దాకా సాగాయి. ఆ ఆంక్షల గురించి నీ వ్యాసంలో ఒక్క వాక్యమూ లేదు. బాంబులు పడని రోజుల్లోనూ తిండికీ మందులకూ జనం అల్లాడిన కాలమది. అది తెలిస్తేనే యుద్ధం పగలూ రాత్రీ పనిచేస్తూనే ఉందని ఆమె ఎందుకన్నదో అర్థమవుతుంది. గల్ఫ్ యుద్ధం మీద ఆమె రాసిన 'సముద్రం బయట ఒక అల దినచర్య' పుస్తకం అక్కడి అధికారులకు కంటగింపయింది. సద్దాం ప్రభుత్వానికి విజయగీతాలు కావాలి, ఆమె అవి రాయలేదు. ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో ముగించు.

రెండో కవితగా ఎముకల సంచీ కవితను తీసుకో. సామూహిక సమాధి దగ్గర ఒక స్త్రీకి తనవాడి ఎముకలు దొరుకుతాయి. ఎంత అదృష్టం అంటూ మొదలవుతుంది. పుర్రె కూడా సంచీలోనే ఉంది. చుట్టూ వణికే చేతుల్లో అలాంటి సంచులే. అతని ఎముకలు అక్కడి వేల ఎముకల్లాంటివే గాని, అతని పుర్రె మాత్రం మరే పుర్రెలాంటిదీ కాదు. పుట్టినప్పుడు తల్లి ఇచ్చిన గుప్పెడు ఎముకలను చనిపోయాక ఆమెకు తిరిగి ఇవ్వడమేమిటని కవయిత్రి అడుగుతుంది. వేలమందిలోంచి ఒక మనిషిని వేరు చేసి చూపడమే ఆమె చేసే పని. ఈ కవిత దగ్గర నీ వ్యాఖ్యానం ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

'తేనెటీగల పెంపకందారు' పుస్తకాన్ని నువ్వు ఒక్క మాటతో వదిలేశావు. అది నాకు బాధ కలిగించింది. 2014లో ఉత్తర ఇరాక్‌లోని సింజార్ ప్రాంతం నుంచి ఐసిస్ ఉగ్రవాదులు ఎత్తుకుపోయిన, యజీదీ అనే అల్పసంఖ్యాక మతానికి చెందిన స్త్రీలను విడిపించడానికి, తేనె వ్యాపారం చేసే అబ్దుల్లా ష్రెమ్ అనే ఆయన రహస్యంగా మనుషులను కూడగట్టాడు. దున్యా అమెరికాలోని మిషిగన్ నుంచి ఫోనులో ఆయన చెప్పిన కథలు వింటూ రాసుకుంది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఇరాక్ వెళ్లి, బయటపడిన స్త్రీలను స్వయంగా కలిసింది. కవితలో పేరు లేని సంచీగా కనిపించిన మనిషి ఇక్కడ తన కథను తానే చెప్పుకుంటుంది. ఆ పుస్తకం చదివి, ఒక్క స్త్రీ కథనైనా వివరంగా రాయి.

మన పాఠకులకు దగ్గర చేయాలని ఆమెను తెలుగు కవులతో పోల్చావు. అవసరం లేదు. దగ్గరితనం కావాలంటే 1990ని గుర్తుచెయ్యి. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి నుంచి 1,50,000కు పైగా భారతీయులు వెనక్కి వచ్చారు. ఎంతోమంది ఇరాక్ మీదుగా రోడ్డు దారిన జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి విమానం ఎక్కారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ సంగతి ఒక వాక్యంలో చెబితే చాలు.

చివరి పేరాలో నువ్వు ప్రపంచశాంతికి పిలుపునిచ్చావు. అది పూర్తిగా తీసెయ్యి. కవిత్వం మందు కాదని, గాయాన్ని చూపే ఎక్స్‌రే అని ఆమే చెప్పింది. మందు చీటీ రాసే పని నువ్వు పెట్టుకోవద్దు. ఆ చోట, 2019 సంపుటిలో ఇరాక్ నేల మీద ప్రాచీన కాలంలో బతికిన సుమేరియన్ల మట్టి పలకల రాతలను తలచుకుంటూ ఆమె రాసిన చిన్న చిన్న కవితల గురించి రాయి. ఆ సంపుటిని ఆమె అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ తానే రాసింది. రాయడం పూర్తయ్యాక పత్రికకు పంపకముందే నాకు పంపు. అచ్చుకు ముందు మరోసారి కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు