అనాథాశ్రమానికి వెళ్ళొచ్చాక బాధ ఇంకా పెరిగింది, నాలో ఏమైనా లోపం ఉందా?

మీ మెసేజ్ మొత్తం చదివానండీ. కూకట్‌పల్లిలో సొంత ఫ్లాట్, మంచి ఉద్యోగం ఉన్న భర్త, ఆరేళ్ళ బాబు, వాడు పుట్టాక మానేసిన అకౌంట్స్ ఉద్యోగం, డల్లాస్‌లో ఉన్న కాలేజీ ఫ్రెండ్స్ స్టేటస్‌లు చూస్తూ రాత్రి రెండింటిదాకా మెలకువ. దీనికి మీ పిన్నిగారు చెప్పిన మందు "ఒక్కసారి అనాథాశ్రమానికి వెళ్ళి రావే, నీ బతుకెంత బంగారమో తెలుస్తుంది" అని. బాబు పుట్టినరోజుకి వెళ్ళారు, కేక్ కోయించారు, బిర్యానీ పెట్టించారు, ఇంటికొచ్చాక బాధ తగ్గకపోగా ఇన్ని ఉండి కూడా ఏడుస్తున్నానే అని గిల్టీ ఫీలింగ్ ఒకటి తోడైంది.

లోపం మీలో లేదు, ఆ చిట్కాలో ఉంది. డల్లాస్ వాళ్ళని చూసి కుంగిపోవడం, ఆశ్రమం పిల్లల్ని చూసి తేరుకోవాలనుకోవడం, రెండూ పోల్చుకోవడమే కదా, కాకపోతే ఒకటి పైకి చూసి, ఇంకొకటి కిందకి చూసి. పక్కవాడికి కాలు విరిగిందని మీ పంటినొప్పి తగ్గదు.

మీరే రాశారు, ఒక పాప వచ్చి "ఆంటీ, ఫోటోలు అయిపోయాయా, తినొచ్చా?" అని అడిగిందని. ఆ పిల్లలకి ఇది అలవాటైపోయింది, ముక్కూమొహం తెలియని బాబుకి హ్యాపీ బర్త్‌డే పాడాలి, లైన్‌లో కూర్చోవాలి, దాతలు ఫోటో దిగేదాకా ప్లేటు ముట్టుకోకూడదు. అది చూసి మీకు ఇబ్బందిగా అనిపించిందంటే మీ మనసు సరిగ్గానే పనిచేస్తోందని అర్థం. అన్నట్టు ఆ ఫోటోలు స్టేటస్‌లో ఉంటే తీసేయండి, అలాంటి పిల్లల్ని గుర్తుపట్టేలా ఫోటోలు బయటపెట్టడం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం కుదరదు, చాలామందికి ఈ సంగతే తెలీదు.

అయితే మళ్ళీ వెళ్ళొద్దా అంటే, వెళ్ళండి, కానీ చూడ్డానికి కాదు, పనికి. మీరు బీకాం, అకౌంట్స్ తెలుసు, ఫారాలంటే భయం లేదు. బస్తీల్లో దీనికి ఎంత కరువో చెప్తాను. ఇంటర్ చదివే పిల్లకి ఈపాస్‌లో, అంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో, అప్లై చేయాలి, టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది, అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది. వాళ్ళమ్మ నాలుగిళ్ళలో పనిచేస్తుంది, ఆధార్ సెంటర్‌కి ఒకసారి, ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవకి ఒకసారి తిరిగితే ఇళ్ళలో మాట పడాలి, జీతం కోత. పక్కన కూర్చుని ఏది ముందు మార్చాలో, ఏ కాగితం జిరాక్స్ తీసుకెళ్ళాలో చెప్పే మనిషి ఒకరుంటే ఆ తిరుగుడు సగం తగ్గుతుంది.

నా దగ్గరికి వచ్చే ఒకావిడ, బ్యాంకులో రిటైర్ అయ్యారు, సికింద్రాబాద్ అడ్డగుట్టలో ఇదే పని చేస్తున్నారు. మొదట్లో జాలితో వెళ్ళారు, ఇప్పుడు వాళ్ళతో పోట్లాడతారు కూడా. "అక్కడ కూడా చీటీల గొడవలు, తోడికోడళ్ళ అలకలు, అన్నీ ఉన్నాయండీ, నేను ఒక్క శనివారం రాకపోతే నన్నే నిలదీస్తారు" అని నవ్వుతూ చెప్పారు. నా ఉద్దేశంలో చూపు మారేది అక్కడే, వాళ్ళ పేదరికం చూసినందుకు కాదు, మీరు రాలేదేంటని అడిగేవాళ్ళు ఉన్నందుకు. ఉద్యోగం మానేశాక మీకు లేకుండా పోయింది కూడా అదేనేమో ఆలోచించండి.

ఒంటరిగా మాత్రం బస్తీలోకి దిగకండి, ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న సంస్థతో కలిసి వెళ్ళండి, వారానికి ఒకే పూట, ఒకే చోటు, కనీసం ఆర్నెల్లు. నాలుగు వారాలు వెళ్ళి మానేస్తే వెళ్ళకపోవడమే నయం. అక్కడివాళ్ళకి చేబదుళ్ళు ఇచ్చే జోలికి అస్సలు పోకండి.

ఇక ఇంట్లో సంగతి. మీ అత్తగారు "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అనే అవకాశం ఉంది, అననివ్వండి. శనివారం పొద్దున బాబుని చూసుకోవడం మీ ఆయన పని, దాన్ని సహాయం అడిగినట్టు కాకుండా మామూలుగా చెప్పండి, టిఫిన్ చేసిపెట్టి మరీ వెళ్ళక్కర్లేదు, ఆయన దోసెలు పోసుకోగలరు.

ఒక్క విషయం నాకు నచ్చలేదు, నిద్ర పట్టడం లేదని మూడు చోట్ల రాశారు. ఎన్ని వారాలుగా ఇలా ఉందో, తిండి మీద, బాబు మీద కూడా ఆసక్తి పోయిందో లేదో రాయలేదు. అలా ఉంటే మాత్రం సేవతో తగ్గేది కాదు, డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు వింటే భయమైతే ముందు 14416కి ఫోన్ చేయండి, మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు, చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ నిమిషమే చేయండి. ఆ సంగతి తేలాకే శనివారాలు మొదలుపెట్టండి, ఫారాలు నింపే పని ఎక్కడికీ పోదు, కాలేజీలు తెరిచాక ఎలాగూ గుట్టలుగా ఉంటుంది.