మైనర్ వాటా అమ్మకం: సెరిబ్రల్ పాల్సీ ఉందని గడువు ఆగదు

ప్రశ్న: మాది హనుమకొండ. మా ఆయన సొంతంగా కొన్న 300 గజాల ప్లాటును, ఆయన పోయాక మరిది ఒత్తిడితో అమ్మేశాను. వారసులం నేనూ, మా అబ్బాయీ. సెరిబ్రల్ పాల్సీ ఉన్న అబ్బాయికి అప్పుడు 15 ఏళ్లు, వాడి తరఫునా నేనే సంతకం పెట్టాను. ఇప్పుడు 20 దాటాయి. ఇంటర్ పాసయ్యాడు, మాట సరిగా రాదు. మతి లేదని డాక్టర్ సర్టిఫికెట్ తెస్తే ఎప్పుడైనా కేసు వేయొచ్చని దస్తావేజులు రాసే ఆయన అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ ఉత్తరంలో మరిది చేసిన మోసం రెండు పేజీలు రాశారమ్మా. అబ్బాయి పుట్టిన తేదీ మాత్రం రాయలేదు. కేసంతా దానిమీదే ఉంది.

మైనర్ జాగాను తల్లి అమ్మాలంటే ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ చెప్పేది అదే. అనుమతి లేని అమ్మకాన్ని అబ్బాయి రద్దు చేయించుకోవచ్చు. కానీ అందుకు మేజరయ్యాక మూడేళ్లే గడువు, అంటే 21 నిండేలోపే దావా పడాలి. ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ అప్పీళ్లకు పనికొస్తుంది గానీ దావాకు పనికిరాదు. మీ సొంత సగం మీరే అమ్ముకున్నారు, అది తిరిగి రాదు. పోరాటం మిగతా 150 గజాలకే.

ఆ సర్టిఫికెట్ జోలికి అస్సలు పోకండి. మతిస్థిమితం లేనివారికి గడువు ఆగే మాట నిజమే. సెరిబ్రల్ పాల్సీ కదలికను, మాటను పట్టుకుంటుంది, అదొక్కటే మతిలేమి కాదు. ఇంటర్ మెమో చూపించి అవతలి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ సర్టిఫికెట్‌ను నిలువునా చింపేస్తాడు. పైగా రేపు అబ్బాయి బ్యాంకు ఖాతా తెరవబోయినా, ఆస్తి రాయించుకోబోయినా అదే కాగితం వాడికి అడ్డం తిరుగుతుంది.

అమ్మింది మీరు గనక కేసులో మీరు ప్రతివాది, వాది అబ్బాయే. ఇద్దరికీ ఒకే వకీలు వద్దు. వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. సదరం వంటి వైకల్య ధ్రువీకరణ పత్రం తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

ఈ వారమే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. నకలులో కోర్టు అనుమతి ఓపీ (అనుమతి కోసం వేసే పిటిషన్) నంబరు ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే ఈ సలహా వర్తించదు. డబ్బు అబ్బాయి వైద్యానికే పోయిందని కొన్నవారు వాదిస్తారు, ఖర్చు లెక్కలు భద్రంగా ఉంచుకోండి.

ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయించవద్దు. వకాలత్‌నామా (వకీలుకు కేసు అప్పగించే పత్రం) చదివి వినిపించి, అబ్బాయి ఎలా ఒప్పుకున్నాడో, తలూపాడా, అక్షరాల బోర్డు మీద చూపాడా, అక్కడే రాయించండి. చదివినవారూ సంతకం చేయాలి. బిగిసిన పిడికిలిని లాగితే ముద్ర అలుక్కుపోయి, బలవంతం చేశారన్న మాట వస్తుంది. మణికట్టును మెల్లగా లోపలికి వంచితే వేళ్లు వదులవుతాయి, అప్పుడు వేయించండి. సాక్ష్యానికి మాట రాకపోయినా పర్లేదు. రాసి గానీ సైగలతో గానీ చెప్పొచ్చు, కోర్టు దుబాసీని పెడుతుంది.

పదో తరగతి మెమోలో, జనన ధ్రువీకరణ పత్రంలో వేర్వేరు తేదీలుంటే, ముందు వచ్చే తేదీనే లెక్కపెట్టుకుని దావా వేయించండి.