డీజిల్ షెడ్‌లో చేరుతున్న మేనల్లుడికి, టర్బో క్లచ్ గురించి

ఒరే అల్లుడూ,

కంచరపాలెం ఐటీఐ అయిపోయి మన వైజాగ్ డీజిల్ షెడ్‌లోనే అప్రెంటిస్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం రా. మొన్న నువ్వడిగినది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నా. ఇంజిన్‌లోకి గాలి తోసేవే రెండూ, కారు సూపర్‌చార్జర్‌ని బెల్టు తిప్పుద్ది, టర్బోని ఎగ్జాస్ట్ (ఇంజిన్ వదిలే పొగ) తిప్పుద్ది, మరి గూడ్స్ లాగే డీజిల్ లోకో డబ్ల్యూడీజీ4 టర్బోకి గేర్లెందుకు అని కదా నీ డౌటు.

దానిది టూ స్ట్రోక్ ఇంజిన్ రా, 16 సిలిండర్లు. టూ స్ట్రోక్‌లో గాలిని పీల్చుకునే స్ట్రోకే ఉండదు, సిలిండర్ లైనర్ కింది భాగంలో ఉన్న పోర్టుల్లోంచి (రంధ్రాల్లోంచి) ఎవరో ఒకరు గాలి తోస్తేనే లోపలి పొగ బయటికిపోయి కొత్త గాలి నిండుద్ది. స్టార్టింగ్‌లో ఎగ్జాస్టే లేదు, ఐడిల్‌లో ఉన్నా దానికి బలం చాలదు, అందుకని అప్పుడు క్రాంక్‌షాఫ్టే గేర్ ట్రైన్ ద్వారా టర్బోని తన స్పీడుకి సుమారు 18 రెట్లు తిప్పుద్ది, అంటే అప్పుడది టర్బో కాదు, అచ్చంగా సూపర్‌చార్జరే. పాత డీజిల్ లోకోల్లో ఉండే ఆల్కో ఇంజిన్ ఫోర్ స్ట్రోక్ కాబట్టి దానికి ఈ గొడవ లేదు.

నాచ్ (థ్రాటిల్ మెట్టు) పెంచుతూ పోతే ఎగ్జాస్ట్ వేడి 538 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి, సుమారు ఆరో నాచ్ దగ్గర, టర్బైన్ (టర్బోలో ఎగ్జాస్ట్ తోస్తే తిరిగే చక్రం) తనంతట తానే గేర్ల కంటే జోరుగా తిరుగుద్ది. అక్కడ పనికొచ్చేదే ఓవర్ రన్నింగ్ క్లచ్. సైకిల్ ఫ్రీవీల్ తెలుసు కదా, తొక్కితే పట్టుద్ది, చక్రం ముందుకెళ్లిపోతే వదిలేస్తాది, అదే పద్ధతి. లోపల ప్లానెటరీ గేర్లుంటాయి, అంటే నడిమి గేరు చుట్టూ అమర్చిన చిన్న గేర్లు, వాటి బయటి రింగ్ గేర్‌ని ఏటవాలు గాడుల్లో కూర్చున్న రోలర్లు ఇరుక్కుని కదలనివ్వవు, అందుకే ఇంజిన్ బలం టర్బైన్ షాఫ్ట్‌కి చేరుద్ది. టర్బైన్ ముందుకెళ్లగానే రోలర్లు వదులవుతాయి, రింగ్ గేర్ ఫ్రీగా తిరుగుద్ది, ఇంజిన్ మీద ఆ బరువు పోద్ది. దీనికి లివరూ కరెంటూ ఏమీ అక్కర్లేదు, నాకు ఆ ఇంజిన్‌లో అన్నిటికంటే నచ్చింది అదే. కార్లలో అయితే ఏసీ కంప్రెసర్‌కి ఉన్నట్టు మాగ్నెటిక్ క్లచ్ పెడతారు, 2005లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ 1.4 ఇంజిన్‌లో 3500 ఆర్‌పీఎం దాటాక అది సూపర్‌చార్జర్‌ని వదిలేసి టర్బోకి అప్పగిస్తాది.

ఇప్పుడు పని మాట. ఏ నాచ్‌లో టర్బోని తిప్పేది ఇంజినా, ఎగ్జాస్టా అని ముందు మనసులో వేసుకో. కింది నాచ్‌ల్లో నల్లపొగ కక్కి పై నాచ్‌ల్లో శుభ్రంగా నడిస్తే క్లచ్ జారుతోందేమో చూడాలి, బాగా జారితే ఇంజిన్ స్టార్టే అవ్వదు. అన్ని నాచ్‌ల్లోనూ పొగ ఉంటే మాత్రం ఎయిర్ ఫిల్టర్లు, ఇంజెక్టర్లు చూడకుండా టర్బో దించమని ఎవరు చెప్పినా తొందరపడొద్దు, అది చాలా పెద్ద పని, లోకో ఊరికే షెడ్‌లో నిలబడిపోద్ది.

టర్బో ఆయిల్ ఫిల్టర్ మార్చే గడువు ఎప్పుడూ దాటనీకు, ఆ బేరింగులూ రోలర్లూ బతికేది ఆ నూనె మీదే. ఇంజిన్ ఆపాక టర్బో లూబ్ పంపు ఇంకో 35 నిమిషాలు తిరుగుద్ది, బేరింగుల్లో మిగిలిన వేడిని లాగెయ్యడానికి. ఇంజిన్ ఆగిపోయింది కదా అని ఎవరైనా బ్యాటరీ స్విచ్ తీసేస్తుంటే, నువ్వు కొత్తవాడివైనా సరే, వెళ్లి ఆపు. స్టార్ట్ చేసే ముందు కూడా ఆ పంపు తిరుగుతోందో లేదో చెవి పెట్టి విను.

మీ మావయ్య