మతిమరుపున్న పెద్దాయన తప్పిపోతే పోలీసులు ఎవరెవరికి చెబుతారు?

ఆముదాలవలసలో మతిమరుపున్న తాతగారు పొద్దుట్నుంచి కనిపించడం లేదు, 24 గంటలు ఆగాకే ఫిర్యాదు తీసుకుంటారా అని ఒకరు అడిగారు. ఆగక్కర్లేదు. అలాంటి రూలే లేదు. ముందు 112కి ఫోన్ చేసి, దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లండి. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా రాసే ఎఫ్‌ఐఆర్) అడగండి.

'మ్యాన్ మిస్సింగ్' కేసు కట్టాక వివరాలు సీసీటీఎన్‌ఎస్‌లోకి (దేశంలోని పోలీస్ స్టేషన్లను కలిపే కంప్యూటర్ నెట్‌వర్క్) ఎక్కుతాయి, వేరే స్టేషన్లవాళ్లూ చూడొచ్చు. ఫొటో మాత్రం ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోనే పరుగెడుతుంది. మన దగ్గర అసలు టెన్షన్ రైలుతోనే: ఆముదాలవలసలోనే ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో బండెక్కితే అటు ఒడిశా, ఇటు విశాఖ. అందుకే రైల్వే పోలీసులకూ చెప్పారా అని ఎస్సైగారిని అడగండి, మీరూ రైల్వే హెల్ప్‌లైన్ 139కి చెప్పండి. ఆస్పత్రులు, వృద్ధాశ్రమాలు కూడా వెతకాలి.

పాత పెళ్లి ఫొటో పనికిరాదు. ఈమధ్య తీసింది ఇవ్వండి. కట్టుకున్న పంచె రంగు, వేసుకునే మందులు, పిలిస్తే పలికే పేరు రాయించండి. ఆయన ఒరియా కూడా మాట్లాడతారనుకోండి, అదీ చెప్పాలి.

అన్నీ బయటపెట్టకండి. ఒక పుట్టుమచ్చ సంగతి పోలీసులకే చెప్పి ఉంచుకోండి. "మీ తాత మా దగ్గరే ఉన్నాడు, ముందు డబ్బులు ఫోన్‌పే చెయ్యండి" అనేవాణ్ణి ఆ గుర్తు అడిగితే చాలు, దొరికిపోతాడు.

తప్పిపోయింది పిల్లలైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పాలి. మనిషి దొరికాక స్టేషన్లో చెప్పి, మీరు పెట్టిన పోస్టులు తీసేయండి.