పాపకు ముందు ఇల్లు అలవాటు కానివ్వండి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

వరంగల్ వైపు శిశుగృహలో ఉన్న పాపను మీకు దత్తత ఇస్తూ కలెక్టరుగారి ఉత్తర్వు వచ్చిందనీ, వీసా చేతికి రాగానే వెళ్లి ఐదేళ్ల పిల్లను డల్లాస్‌కు తెచ్చుకుంటున్నారనీ నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని ఉంది. ఇరవై రెండేళ్ల కిందట మేము నాలుగేళ్ల పిల్లను న్యూజెర్సీలోని ఎడిసన్‌కు తెచ్చుకున్నప్పుడు, పసిది గనుక నాలుగు రోజుల్లో అన్నీ మరిచిపోతుందని అందరూ అన్నారు. ఆ మాట నమ్మి రెండో వారంలోనే నూట ఇరవైమందిని పిలిచి విందు చేశాము. ఆ రోజు పిల్ల ఎవరు చేతులు చాపితే వారి చంకనెక్కింది, ఆడవాళ్లందరినీ ‘అమ్మా’ అని పిలిచింది. ఎంత కలుపుగోలు పిల్లో అని మేము మురిసిపోయాము. తన మనుషులెవరో, పైవారెవరో తెలియకనే అలా చేసిందని మాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

శిశుగృహలో పగలొక ఆయమ్మ, రాత్రొక ఆయమ్మ ఉంటారు. ఒకరు మానేస్తే మరొకరు వస్తారు. అందుచేత పాప మొదటి రోజునే నిన్ను అమ్మా అంటే సంతోషించు గాని, ఆ పిలుపుకు నువ్వనుకునే అర్థం ఆమెకు ఇంకా తెలియదని గుర్తుంచుకో. ఆకలైతే అన్నం పెట్టేదీ, పడితే ఎత్తుకునేదీ, రాత్రి ఉలిక్కిపడి లేస్తే వీపు నిమిరేదీ ప్రతిసారీ మీరిద్దరేనని తెలిసిన కొద్దీ ఆ అర్థం ఆమెకు పట్టుబడుతుంది. కాబట్టి తొలి నాలుగు నెలలు తినిపించడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం నువ్వూ అల్లుడుగారూ తప్ప ఇంకెవరూ చేయకూడదు. మీ అత్తగారు సాయానికి వస్తానంటే రానివ్వండి, అయితే వంటిల్లు ఆవిడకు అప్పగించి పిల్లను మీరు చూసుకోండి. ఈ సంగతి ఆవిడ మనసు నొచ్చుకోకుండా అల్లుడుగారే చెప్పడం మంచిది. యాభైమంది గాని అంతకు పైన గాని ఉద్యోగులున్న కంపెనీలో ఏడాదిగా పనిచేస్తున్న వారికి, దత్తత బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు జీతం లేకపోయినా పన్నెండు వారాల సెలవు ఇవ్వాలని 1993 నాటి అమెరికా చట్టం చెబుతుంది. మీవి వేర్వేరు ఉద్యోగాలు గనుక ఒకరి తరువాత ఒకరు తీసుకుంటే దాదాపు ఆరు నెలలు పిల్ల దగ్గర ఎవరో ఒకరు ఉండవచ్చు.

గులాబీ రంగు వేయించి సిద్ధం చేసిన గది ఫోటో పంపావు. గది ముచ్చటగా ఉంది గాని, పాప అందులో ఒంటరిగా పడుకోవాలని ఇప్పుడే ఆశించవద్దు. పదిమంది పిల్లల ఊపిరి వింటూ, ఫ్యాను చప్పుడులో నిద్రపోయిన పిల్లకు మూసిన తలుపు, నిశ్శబ్దం రెండూ భయం పుట్టిస్తాయి. మీ మంచం పక్కనే పరుపు వేయండి, ఫ్యాను తిరగనివ్వండి. పగలు రాత్రిగా మారే ప్రయాణం గనుక మొదటి వారం అర్ధరాత్రి మూడు గంటలకు అన్నం అడిగినా విసుక్కోకుండా పెట్టండి. స్నానానికి టబ్బులో నీళ్లు నింపి దింపితే మా పిల్ల కేకలు వేసింది. అందులోనే చిన్న పీట, బక్కెట, చెంబు పెడితే ఆ మరునాటి నుంచి స్నానం ఆటయింది. తిరగమోత పొగకు పొగ అలారం మోగుతుందని ముందే ఒకసారి మోగించి చూపించండి. దుకాణాల్లో మరుగుదొడ్డి తనంతట తానే నీళ్లు వదిలే చప్పుడుకు కూడా పిల్లలు హడలిపోతారు. మనిషి కదలికను పసిగట్టే ఆ సెన్సారు మీద ఒక కాగితం అంటించి కూర్చోబెట్టడం నేను ఆలస్యంగా నేర్చుకున్న ఉపాయం. కారులో పిల్లల కోసం విడిగా బిగించే సీటులో కట్టేస్తే ఏడుస్తుంది, అయినా అక్కడ మాత్రం మెత్తబడడానికి లేదు. ఎనిమిదేళ్లు నిండేదాకా, లేదా నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు వచ్చేదాకా టెక్సస్‌లో అది చట్టం. బండి బయలుదేరక ముందు, వాకిట్లో నిలిపిన కారులోనే రోజూ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి అలవాటు చేయండి.

తిండి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. వచ్చిన మూడో వారంలో మా పిల్ల తలగడ కింద ఎండిన చపాతీ ముక్కలు, సగం కొరికిన బిస్కెట్లు దొరికాయి. దొంగతనం అలవాటయిందేమోనని మీ పెదనాన్న కంగారుపడి మందలించారు. ఆ తరువాత ఆమె ఇంకా జాగ్రత్తగా, బట్టల అరలో దాచడం మొదలుపెట్టింది. వేళకు మాత్రమే, లెక్క ప్రకారమే తిండి దొరికిన చోట పెరిగిన పిల్ల రేపటికి దాచుకోవడంలో వింత లేదు. చివరకు ఒక డాక్టరమ్మ సలహా మీద, ఆమె చేతికి అందే అరలో అటుకులు, వేరుశనగ పప్పులు, అరటిపండ్లు ఎప్పుడూ ఉంచి, ఎప్పుడు తీసుకున్నా ఎవరూ అడగరని చెప్పాము. నెలన్నరకు దాచడం ఆగింది. మొదట్లో పప్పన్నం, గుడ్డు, చారు వంటి తెలిసిన తిండే పెట్టండి, చల్లని పాలలో సీరియల్, చీజు వంటివాటికి తొందర లేదు. కొందరు పిల్లలకు ఇన్ని పాలు ఒక్కసారిగా తాగితే కడుపు ఉబ్బుతుంది కూడా.

భాషలో మీకున్న సౌకర్యం అందరికీ ఉండదు. ఇంట్లో తన భాష వినిపించని పిల్లలు కొన్ని నెలల్లోనే దాన్ని పోగొట్టుకుంటారు. మీ ఇంట్లో తెలుగు ఉంది, అయితే మీది గుంటూరు తెలుగు, పాపది ‘గిట్ల’, ‘గట్ల’ అనే తెలుగు. దయచేసి దిద్దవద్దు, నవ్వవద్దు. వీలైతే మీరే నాలుగు మాటలు నేర్చుకోండి. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని ఏ టీచరైనా సలహా ఇస్తే మర్యాదగా విని ఊరుకో. ఆటలాడుకునే ఇంగ్లీషు ఏడాది రెండేళ్లలో వస్తుంది, పాఠం అర్థమయ్యే ఇంగ్లీషుకు ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. బడికి కూడా తొందరపడవద్దు. టెక్సస్‌లో సెప్టెంబరు ఒకటికి ఆరేళ్లు నిండిన పిల్లలకే చదువు తప్పనిసరి. అయితే ఒకటో తరగతికి ముందుండే కిండర్‌గార్టెన్‌లో ఒకసారి చేర్పించాక హాజరు తప్పించడానికి ఉండదు. పాప పుట్టినరోజు అంచనాగా రాసినదే గనుక తరగతిని నిర్ణయించేటప్పుడు కాగితం మీది వయసు కన్నా పిల్ల నిలకడను చూడండి.

వచ్చిన రెండు వారాల్లోపు పిల్లల డాక్టరుకు చూపించి, రక్తహీనత, కడుపులో పురుగులు, క్షయ, హెపటైటిస్ బి, రక్తంలో సీసం, వీటన్నిటికీ పరీక్షలు చేయించండి. దత్తత మీద దేశం మారిన ఆడపిల్లల్లో కొందరు ఈడుకు ముందే పెద్దమనిషి అవుతారు గనుక ఏడో ఏట నుంచి ఆ సంగతీ డాక్టరును అడుగుతూ ఉండు. పాప ప్రగతి నివేదికలు మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి, మన దేశంలో దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’కు చేరాలి. మీరిద్దరూ పౌరులు, అక్కడే దత్తత పూర్తయింది గనుక పాప ఈ దేశంలో అడుగు పెట్టగానే పౌరురాలవుతుంది. అయినా పౌరసత్వ పత్రం చేతికి వచ్చేదాకా వదలకండి. 2001లో ఇలా పౌరసత్వమిచ్చే చట్టం అమలులోకి వచ్చేనాటికే పద్దెనిమిదేళ్లు దాటిపోయిన దత్తత బిడ్డలు, తల్లిదండ్రుల అశ్రద్ధ వల్ల పెద్దయ్యాక కూడా పౌరులు కాలేక పడిన అవస్థలు తక్కువ కావు.

ఇక మనవాళ్లు. ‘ఎవరి పోలిక?’, ‘ఏ కులం?’, ‘అసలు అమ్మానాన్నలు ఏమయ్యారు?’ అని పిల్ల ముందే అడుగుతారు. ‘అది పాప సంగతి, పెద్దయ్యాక తనిష్టమైతే చెబుతుంది’ అని ఒక్క మాట ఇద్దరూ అనుకుని పెట్టుకోండి. ‘మీ ఇంటికి రావడం దాని అదృష్టం’ అనేవారిని మాత్రం నేను అక్కడే ఆపేదాన్ని, ఎందుకంటే తనవాళ్లనీ, ఊరినీ పోగొట్టుకున్న పిల్ల ఆ మాట వింటే ఇక ఏడవడానికి కూడా సిగ్గుపడుతుంది.

ప్రయాణానికి ముందు మరచిపోకుండా ఒక పని చెయ్యి. పాప కప్పుకునే దుప్పటి ఇమ్మని అడుగు, ఇస్తే ఉతకకుండా తెచ్చుకో. ఆయమ్మలతో ఒక గంట కూర్చుని, పాప దేనికి భయపడుతుందో, ఎవరితో ఆడుకునేదో, ఏ పేరుతో పిలిస్తే పలుకుతుందో, పడుకోబెట్టేటప్పుడు ఏమి పాడతారో అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకో, పాట పాడించి ఫోనులో దాచుకో. మేము అడగలేదు. పదమూడో ఏట మా అమ్మాయి తనను అక్కడ ఏ పాట పాడి నిద్రపుచ్చేవారని అడిగినప్పుడు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది.

ఇట్లు,
మీ పెద్దమ్మ