సాక్షిగా విచారించడానికి పోలీసులు మహిళను స్టేషన్‌కు రమ్మనవచ్చా?

రమ్మని బలవంతం చేయకూడదు. సాక్షిగా మాటలు కావాలంటే పోలీసులే ఆమె ఉండే చోటికి రావాలి. పోలీసు దర్యాప్తు ఎలా సాగాలో చెప్పే చట్టం, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 179వ సెక్షన్ చెప్పేది ఇదే. దీనికి ముందున్న సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్)లో ఇది 160వ సెక్షన్.

కారణం, స్టేషన్ గోడల మధ్య ఆడమనిషికీ ఖాకీ బట్టలకీ ఉండే బలం తేడా. మహారాష్ట్రలో 1972లో వాంగ్మూలం కోసం స్టేషన్‌కు వెళ్లిన ఓ ఆదివాసీ అమ్మాయిపై అక్కడే అత్యాచారం జరిగిందన్నది మథుర కేసు. ఒంటిమీద గాయాలు లేవు, ఎదిరించలేదు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. భయంతో నోరు మెదపకపోవడం ఒప్పుకోవడం ఎలా అవుతుందని స్త్రీవాదులు దేశమంతా నిలదీశారు. 1983లో అత్యాచార చట్టం మారింది. ఇంటి దగ్గరే విచారించాలన్న నియమం ఆ మార్పుకు ముందే ఉంది, కానీ అదెంత అవసరమో ఆ కేసు చూస్తే తెలుస్తుంది.

ఉదాహరణకు, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండే తెలుగమ్మాయి రూమ్‌మేట్ ల్యాప్‌టాప్ పోయింది. ఆ కేసులో ఈమె మాటలు కావాలంటే పీజీకే రావాలి. తానే ఇష్టపడితే స్టేషన్‌కు వెళ్లొచ్చు.

చాలామంది దీన్ని ‘ఆడవాళ్లకు అసలు విచారణే ఉండదు’ అనుకుంటారు. అది తప్పు. నిందితురాలిగా అదే సంహితలోని 35వ సెక్షన్ కింద నోటీసు వస్తే హాజరు కావాలి, లేదంటే అరెస్టు చేయవచ్చు. టెన్షన్ పడకుండా ముందు నోటీసులో ఏ సెక్షన్ రాశారో చూసుకోండి.