మెదడులో చిట్లేది నరమా?

సందేహం: మా మేనమామగారికి పక్షవాతం వస్తే ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ "మెదడులో నరం చిట్లింది" అన్నారు. పదో తరగతి చదివే మా అమ్మాయేమో "నరం అంటే నర్వ్ కదా, చిట్లేది రక్తనాళం" అంటోంది. ఏది సరైన మాట? న్యూరాన్‌ను నరకణం అనవచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

సమాధానం: ముందుగా, మీ మేనమామగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. మీ అమ్మాయి చెప్పింది నిజం, చిట్లింది రక్తనాళమే. అలాగని ఆసుపత్రివాళ్ల తెలుగు తప్పు కాదు. సెలైన్ పెట్టే నర్సు "నరం దొరకట్లేదమ్మా" అంటుంది. ఆమె వెతికేది సిరను. పిక్కలో నరం పట్టేసిందంటాం, పట్టేది కండరం. నరాల డాక్టర్ అన్నప్పుడు మాత్రం నర్వ్ అనే అర్థం. ఒంట్లో తాడులా, తీగలా తగిలేదంతా మనకు నరమే. తమిళుల నరంబు కూడా ఇంతే. యాళ్ అనే వాద్యపు తీగకూ వాళ్లు ఆ పేరే పెట్టుకున్నారు. అంతెందుకు, గ్రీకులో న్యూరాన్ అంటే మొదట స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటిది), వింటినారి. 1891లో జర్మన్ శాస్త్రవేత్త వాల్డేయర్ ఆ మాటను మెదడులో, నర్వ్‌లలో సందేశాలు మోసే కణానికి పెట్టాడు.

నాడి సంస్కృత పదం. గొట్టం, బోలుకాడ అని అర్థం. వైద్యుడు పట్టి చూసే నాడి మణికట్టు దగ్గర కొట్టుకునే ధమని. ఎన్నికలప్పుడు వినబడే 'ప్రజల నాడి' అక్కడి నుంచి వచ్చిందే. పాఠ్యపుస్తకాలు ఆ మాటనే నర్వ్‌కు తీసుకున్నాయి: నాడీవ్యవస్థ, 12 జతల కపాల నాడులు. న్యూరాన్ నాడీకణం అయింది. ఇది స్థిరపడిన మాట, హాయిగా వాడండి.

నరకణం మాత్రం వద్దు. సంస్కృత పదమైన కణం ముందు 'నర' చేరితే నరబలి, నరలోకం లాగా మనిషి అనే అర్థం స్ఫురిస్తుంది. తెలుగు నరమే కావాలంటే నరాల కణం అనాలి.

ఇంట్లో నరం చిట్లిందన్నా ఇబ్బంది లేదు. రాతలో మాత్రం రక్తనాళం చిట్లిందో, రక్తపు గడ్డ అడ్డుపడి మూసుకుపోయిందో విడిగా చెప్పాలని నా పట్టుదల. పక్షవాతం రెండు విధాలా వస్తుంది. గడ్డను కరిగించడానికి ఇచ్చే మందు, నాళం చిట్లినవారికి ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. 'మెదడులో నరం దెబ్బతింది' అని వార్త రాస్తే ఈ తేడా చదివేవారికి అందదు.